కవర్ పాట అసలు పాటను ఎప్పుడు మించుతుంది? నాకు నచ్చిన రాక్, కంట్రీ కవర్లు

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నారు, కాలేజీలో ఐదుగురు కలిసి బ్యాండ్ పెట్టారు, పాత రాక్ పాటలు, అమెరికా పల్లెపట్టుల నుంచి వచ్చిన కంట్రీ పాటలు ఈ మధ్యే వినడం మొదలుపెట్టారు. అసలు పాటను మించిన కవర్లు, అంటే ఒకరి పాటని ఇంకొకరు తమ పద్ధతిలో పాడినవి, నిజంగా ఉన్నాయా, ఉంటే ఏవి, తాము ఒకటి చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఉన్నాయి. నా లెక్కలో అన్నిటికన్నా పైన ఉన్నది జానీ క్యాష్ పాడిన 'హర్ట్'. ఆ తర్వాత జిమీ హెండ్రిక్స్ 'ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్', జానిస్ జాప్లిన్ 'మీ అండ్ బాబీ మెగీ', జో కాకర్ 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్', క్రిస్ స్టేపుల్టన్ 'టెనసీ విస్కీ'. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేని పాటలు ఇవి. కానీ ఇన్నేళ్లుగా వింటూ, వాయిస్తూ వచ్చాక నాకు వీటన్నిటిలో ఒకే పోలిక కనిపిస్తుంది: మాటలు దాదాపు అవే, ఆ మాటలు అంటున్న మనిషి మారిపోయాడు. వయసు మారింది, లేదా మగ గొంతు బదులు ఆడ గొంతు వచ్చింది, లేదా ఆ మనిషి నిలబడ్డ చోటు మారింది. గొంతు గొప్పదా, గిటార్ ఎంత వేగంగా వాయించారు అనేవి ఆ తర్వాతి సంగతులు.

నేనెవరో రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే ఇవన్నీ నా అనుభవం మీద చెబుతున్న మాటలు. మాది తెనాలి. పంతొమ్మిదేళ్లుగా అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో, నాష్‌విల్‌కి దగ్గర్లో ఉంటున్నాం. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతాల్లో ఒక కవర్ బ్యాండ్‌లో రిథమ్ గిటార్. నాష్‌విల్‌లో లోయర్ బ్రాడ్‌వే అని ఒక వీధి ఉంది, దాని నిండా హాంకీటాంక్‌లు, అంటే పాటలు నడిచే బార్లు. పొద్దున మొదలైతే అర్ధరాత్రి దాటేదాకా ఒక బ్యాండ్ దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంటుంది. జనం టిప్ జార్‌లో డబ్బులు వేసి పాట అడుగుతారు, అడిగిన పాట మనకు రాకపోతే వాళ్లు పక్క బార్‌కి వెళ్లిపోతారు. అక్కడ నేర్చుకున్నదే చెబుతున్నాను.

'హర్ట్' దగ్గర కాసేపు ఆగాలి. అసలు పాట నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండ్‌ది, ట్రెంట్ రెజ్నర్ రాశాడు, 1994లో 'ద డౌన్‌వర్డ్ స్పైరల్' ఆల్బమ్‌లో చివరి పాటగా వచ్చింది. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మత్తుమందు, తన మీద తనకే అసహ్యం, దగ్గరివాళ్లందరినీ దూరం చేసుకున్న కుర్రాడు రాత్రి ఒంటరిగా కూర్చుని అనుకునే మాటలు అవి. ఆ రికార్డింగ్‌లో గిటార్ స్వరాలు కావాలనే ఒకదానితో ఒకటి పొసగకుండా గీరుకుంటూ ఉంటాయి, చివర్లో పెద్ద చప్పుడు విరిగి పడుతుంది. చాలా మంచి పాట, తప్పకుండా వినండి.

నిర్మాత రిక్ రూబిన్ ఈ పాటను క్యాష్ దగ్గరికి తెచ్చాడు. 2002లో 'అమెరికన్ ఫోర్' ఆల్బమ్‌లో వచ్చింది. క్యాష్ పుట్టింది 1932 ఫిబ్రవరిలో, అంటే అప్పటికి డెబ్బై. ఆరోగ్యం బాగా దెబ్బతింది, గొంతులో వణుకు వినిపిస్తుంది. గీరుకునే స్వరాలన్నీ తీసేసి ఏ మైనర్, సీ, డీ అనే మామూలు కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) పెట్టారు, గిటార్ నేర్చుకున్న మూడో నెలలో ఎవరైనా వాయించగలిగేవి. పియానోలో ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ కొడుతూ చివరికి వచ్చేసరికి దాన్ని పెంచుకుంటూ పోయారు. మాటల్లో మారింది ఒక్కటే అనొచ్చు: కిరీటం గురించి చెప్పే చోట ఒక బూతు మాట ఉంటే దాని బదులు ముళ్ల కిరీటం అన్నాడు. ఆ ఒక్క మాటతో పాట చర్చి గుమ్మం దాకా వెళ్లింది. కుర్రాడు 'నేను నాశనం చేసుకున్నాను' అంటే అది ఆ రాత్రి బాధ, ఇంకా నలభై ఏళ్ల జీవితం ముందుంది. డెబ్బై ఏళ్లవాడు, అందులోనూ ఏళ్ల తరబడి మాత్రలకు బానిసై బయటపడిన మనిషి అదే మాట అంటే, అది లెక్క చూసుకోవడం.

మార్క్ రోమనెక్ తీసిన వీడియో కూడా చూడండి. నాష్‌విల్ దగ్గర్లోని హెండర్సన్‌విల్‌లో క్యాష్ ఇంట్లో, మూతపడి పాడైపోయిన ఆయన మ్యూజియంలో తీశారు. ఆయన భార్య జూన్ కార్టర్ మెట్ల మీద నిలబడి ఆయన్నే చూస్తూ ఉంటుంది. 2003 మే 15న ఆవిడ పోయారు, సెప్టెంబర్ 12న ఆయన పోయారు. వీడియో చూశాక ఈ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నరే చెప్పాడు. పాట రాసినవాడి నుంచి అంతకన్నా పెద్ద మాట నేను వినలేదు.

ఆ ఇల్లు 2007లో మంటల్లో కాలిపోయింది. నేను ఇక్కడికి వచ్చాక ఒకసారి ఆ గేటు దాకా వెళ్లాను, తర్వాత అదే ఊళ్లో వాళ్లిద్దరి సమాధుల దగ్గరికి వెళ్లాను. కొన్నేళ్ల క్రితం మా నాన్న వచ్చినప్పుడు ఈ వీడియో పెట్టి చూపించాను. ఆయనకి ఇంగ్లిష్ పాట అర్థం కాదు. అయిపోయేదాకా ఏమీ మాట్లాడకుండా చూసి, "ఆ మెట్ల మీద ఉన్నావిడ ఆయన భార్యేనా? ఆయన పోతాడని ఆవిడకి భయంగా ఉందిరా" అన్నారు. ముందు పోయింది ఆవిడే అని చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

నాన్న ఇంకో మాట కూడా అన్నారు, అది ఈ ప్రశ్నకి బాగా పనికొస్తుంది. 'కవర్' అంటే ఏమిటో ఆయనకి చెబుతుంటే, "దీనికో పేరెందుకు? మన రంగస్థలం మీద ఒకే పద్యం ఎంతమంది పాడలేదు?" అన్నారు. నిజమే కదా. తెనాలిలో పెరిగినవాళ్లకి తెలుసు, తిరుపతి వేంకట కవుల కృష్ణరాయబారం పద్యాలు ఎంతమంది కృష్ణులు పాడారో, ఒక్కొక్కరిది ఒక్కొక్క రాగం, ఒక్కొక్క సాగదీత. జనం పద్యం కొత్తదా అని చూడరు, ఈయన ఎలా అంటాడా అని చూస్తారు, నచ్చితే వన్స్‌మోర్ అంటారు. కర్ణాటక సంగీతంలో అయితే ఒకే కృతిని ఒక్కో గురుపరంపర పాడే తీరుకి పాఠాంతరం అని గౌరవంగా ఒక మాటే ఉంది. అలా చూస్తే మనకి కవర్లు అర్థం చేసుకోవడం ఇక్కడివాళ్ల కన్నా తేలిక.

హెండ్రిక్స్ సంగతికి వస్తాను. బాబ్ డిలన్ 'ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్'ని 1967 నవంబర్‌లో ఇదే నాష్‌విల్‌లో రికార్డ్ చేశాడు. గిటార్, మౌతార్గాన్, బేస్, డ్రమ్స్ అంతే, రెండున్నర నిమిషాల పాట. ఆల్బమ్ డిసెంబర్ చివర్లో వచ్చింది, 1968 జనవరిలోనే హెండ్రిక్స్ లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో దాన్ని మొదలుపెట్టేశాడు. ఒక నెల కూడా కాలేదు. మూడే కార్డ్‌లు, పాట మొత్తం అవే తిరుగుతుంటాయి. మాటల్లో ఒక విదూషకుడు, ఒక దొంగ మాట్లాడుకుంటారు, చివరికి దూరంగా ఇద్దరు గుర్రాల మీద వస్తుంటారు, గాలి అరవడం మొదలుపెడుతుంది. డిలన్ ఆ గాలి మాటని పొడిగా చెప్పి ఆపేస్తాడు, మిగతాది మీరు ఊహించుకోవాలి. హెండ్రిక్స్ ఆ గాలిని గిటార్‌తో తెచ్చాడు. నాలుగు భాగాలుగా సాగే ఆ మధ్య సోలో వినండి, ఒకచోట తీగ మీద జారుడు, ఇంకోచోట కాలితో తొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే వావా పెడల్, ఒక్కో భాగం తుఫాను ఒక్కో మెట్టు దగ్గరికి రావడంలా ఉంటుంది. డిలన్ పాటలో మనిషి ఎక్కడో కూర్చుని కథ చెబుతున్నాడు. హెండ్రిక్స్ పాటలో ఆ కోట గోడ మీదే నిలబడి ఉన్నాడు. తర్వాత డిలన్ కచేరీల్లో తన పాటనే హెండ్రిక్స్ పద్ధతికి దగ్గరగా వాయించడం మొదలుపెట్టాడు.

గిటార్ వాయించే మీ కుర్రాడికి ఇక్కడో హెచ్చరిక. ఈ పాట సోలోని స్వరం తప్పకుండా నేర్చుకోవడం మంచి సాధన, కానీ స్టేజీ మీద దాన్ని అచ్చంగా దించితే అది హెండ్రిక్స్ పాటకి కవర్ అవుతుంది గానీ డిలన్ పాటకి కాదు, పైగా జనం పోల్చేది ఆయనతోనే.

'మీ అండ్ బాబీ మెగీ' క్రిస్ క్రిస్టాఫర్సన్ పాట, ఫ్రెడ్ ఫాస్టర్ పేరు కూడా రచనలో ఉంటుంది. 1969లో ముందుగా రోజర్ మిల్లర్ పాడాడు, మంచి కంట్రీ పాట. బాబీ అక్కడ అమ్మాయి. జాప్లిన్ పాడినప్పుడు బాబీ అబ్బాయి అయ్యాడు. ఇద్దరు దేశదిమ్మరులు లారీ ఎక్కి ఊళ్లు తిరిగి, చివరికి ఒకరు ఇంకొకర్ని వదిలేసి, ఆ తర్వాత ఏమీ మిగలకపోవడమే స్వేచ్ఛ అని తెలుసుకునే పాట అది. మగవాడు అంటే ఒక రకం. టెక్సాస్‌లో పోర్ట్ ఆర్థర్ అనే ఊళ్లో ఇమడలేక పారిపోయి వచ్చిన ఆడపిల్ల అంటే ఇంకో రకం. మొదట గిటార్ ఒక్కటే పెట్టుకుని మామూలుగా కబురు చెబుతున్నట్టు మొదలుపెడుతుంది, మధ్యలో శ్రుతి ఒక మెట్టు పైకి వెళ్తుంది, చివరికి మాటలు అయిపోయి లాలా అంటూ కేకలు మాత్రమే మిగులుతాయి. ఆ చివరి భాగం నాకు ఎప్పుడూ సంతోషంగా వినిపించదు, మాటలు చాలక అరుస్తున్నట్టు ఉంటుంది. రికార్డ్ చేసిన కొద్ది రోజులకే, 1970 అక్టోబర్ 4న, 27 ఏళ్లకి ఆమె చనిపోయింది. పాట 1971లో బయటికి వచ్చి అమెరికాలో నంబర్ వన్ అయింది. ఆమె ఈ పాట పాడిందన్న సంగతి క్రిస్టాఫర్సన్‌కి ఆమె పోయాకే తెలిసింది.

జో కాకర్ గురించి ఎక్కువ చెప్పను, వింటే మీకే తెలుస్తుంది. బీటిల్స్ దాన్ని 1967లో రింగో కోసం రాశారు, రింగో గొంతు పరిధి చిన్నది కాబట్టి రాగం కొద్ది స్వరాల మధ్యే తిరుగుతుంది, సరదా పాట. మరుసటి ఏడాది షెఫీల్డ్ కుర్రాడు కాకర్ దాని నడకనే మార్చేశాడు. నాలుగు దెబ్బల నడకని తీసేసి ఊయలలా ఊగే మూడు దెబ్బల లెక్కలోకి తెచ్చాడు. స్నేహితులు ఉంటే చాలు అని నవ్వుతూ చెప్పే మనిషి పోయి, స్నేహితులు లేకపోతే బతకలేనని ప్రాధేయపడే మనిషి వచ్చాడు. నెమ్మది చేయడం వేరు, నడక మార్చడం వేరు, ఇది మీ డ్రమ్మర్‌కి తప్పకుండా చెప్పండి.

ఎందుకంటే ఈ రోజుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు అదే. ఏ పాటనైనా తీసుకుని సగం వేగానికి దించి, ఒక పియానో పెట్టి, గొణిగినట్టు పాడితే లోతు వచ్చేస్తుందనుకుంటున్నారు. రాదు, పాట పొడుగవుతుంది అంతే. దీనికి ఎదురు సాక్ష్యంలా అనిపించే ఒక తమాషా సంగతి ఉంది. కంట్రీ గాయని డాలీ పార్టన్ 'జోలీన్' సింగిల్ రికార్డ్ నిమిషానికి 45 చుట్ల వేగంలో తిరగాలి, ఎవరో దాన్ని 33లో తిప్పి ఇంటర్నెట్‌లో పెట్టారు. వింటే ఎవరో మగవాడు, మెత్తటి గొంతుతో, తన మనిషిని తీసుకుపోవద్దని జోలీన్‌ని బతిమాలుతున్నట్టు ఉంటుంది, అసలు రికార్డ్ తెలియనివాళ్లు వేరే గాయకుడనే అనుకుంటారు. అక్కడ నెమ్మది పని చేసిందంటే కారణం వేగం కాదు, పాడే మనిషి మారిపోవడం. బియాన్సే 2024లో అదే పాట పాడినప్పుడు మాటలే మార్చింది, బతిమాలే ఆడది బెదిరించే ఆడది అయింది. నాకు బతిమాలేదే ఇష్టం, కానీ ఆమె ఎందుకు అలా చేసిందో అర్థమవుతుంది, బతిమాలితే ఆమె నోట అబద్ధంలా ఉండేది.

డాలీ పేరు వచ్చింది కాబట్టి 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' గురించి అడగకుండానే చెబుతున్నాను, ఎందుకంటే ఇది విట్నీ హ్యూస్టన్ పాట అనుకునేవాళ్లు చాలామంది. డాలీ రాసి 1974లో విడుదల చేసింది. కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ టీవీ షోలో ఏళ్ల తరబడి పనిచేసి, సొంతంగా వెళ్లిపోవాలనుకున్నప్పుడు ఆయనకి వీడ్కోలుగా రాసిన పాట. ఎల్విస్ ప్రెస్లీ దీన్ని పాడాలనుకున్నాడు, కానీ ఆయన మేనేజర్ పబ్లిషింగ్ హక్కుల్లో సగం అడిగాడు. ఎల్విస్ పాడితే చాలనుకునే రోజుల్లో ఆమె ఇవ్వనంది, ఆ రాత్రి ఏడ్చానని కూడా చెప్పుకుంది. 1975లో లిండా రాన్‌స్టాట్ పాడింది. 1992లో 'ద బాడీగార్డ్' సినిమా కోసం విట్నీ పాడినప్పుడు అది అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్‌లో 14 వారాలు మొదటి స్థానంలోనే కూర్చుంది. మొదట్లో వాద్యాలేవీ లేకుండా ఒక్క గొంతే ఉండాలని పట్టుబట్టింది ఆ సినిమా హీరో కెవిన్ కాస్ట్‌నర్.

రెండిటిలో ఏది గొప్ప? గానంగా విట్నీదే, అందులో వాదన లేదు. చివర్లో డ్రమ్ దెబ్బ పడి, ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత శ్రుతి పైకి ఎక్కి వచ్చే ఆ పిలుపు విని ఒళ్లు గగుర్పొడవని మనిషి ఉండడు. కానీ నా ఓటు డాలీకే. ఆమె పాటలో చివరి చరణం పాడదు, మామూలు మాటల్లా చెబుతుంది, నీకు జీవితం మేలు చేయాలి అని. బల్లకి అవతల కూర్చున్న ఒక్క మనిషికి చెబుతున్న మాట అది. విట్నీ హాలు మొత్తానికి చెబుతుంది. వీడ్కోలు ఒక్క మనిషికి చెప్పేది కాబట్టి నాకు డాలీ దగ్గర కళ్లు తడుస్తాయి. మీకు వేరేగా అనిపించవచ్చు, అనిపిస్తే తప్పు లేదు.

'టెనసీ విస్కీ' మా బ్యాండ్ ప్రతి రాత్రీ వాయించాల్సిన పాట, ఎన్నిసార్లు వాయించినా విసుగు రాదు. డీన్ డిలన్, లిండా హార్గ్రోవ్ రాశారు, 1981లో డేవిడ్ అలన్ కో, 1983లో జార్జ్ జోన్స్ పాడారు. పక్కా కంట్రీ. స్టేపుల్టన్ 2015లో దాన్ని ఎట్టా జేమ్స్ పాత సోల్ పాట 'ఐడ్ రాదర్ గో బ్లైండ్' నడకలో పోశాడు. రెండే కార్డ్‌లు, ఏ మేజర్, బీ మైనర్. ఆ ఏడాది నవంబర్‌లో సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) అవార్డుల వేదిక మీద జస్టిన్ టింబర్‌లేక్‌తో కలిసి పాడాక అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తెలియని స్టేపుల్టన్ ఆల్బమ్ దేశంలో మొదటి స్థానానికి వెళ్లింది. అవి రెండే కార్డ్‌లు కావడం వల్ల గొంతుకి బోలెడంత చోటు దొరుకుతుంది, ఆలాపనకి శ్రుతి పెట్టినట్టు. మన సంగీతం చెవిలో ఉన్న గాయకుడు మీ దగ్గర ఉంటే ఈ పాటలో గమకాలు సహజంగా కూర్చుంటాయి, ప్రయత్నించండి.

ఇప్పుడు నా మాటకి ఎదురు నిలిచే పాట ఒకటి చెప్పాలి, లేకపోతే జవాబు నిజాయితీగా ఉండదు. 2023లో ల్యూక్ కోంబ్స్ పాడిన 'ఫాస్ట్ కార్'. ట్రేసీ చాప్‌మన్ 1988లో పాడిన పాట, తాగుబోతు తండ్రి, చదువు మానేసిన కూతురు, ఊరు వదిలిపోదామన్న ఆశ. కోంబ్స్ దాదాపు ఏమీ మార్చలేదు. రాగం అదే, గిటార్ వరస అదే, పాటలో ఆ అమ్మాయి దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ పిల్లగా పనిచేస్తానంటుంది, ఈ గడ్డం ఉన్న నార్త్ కరోలినా మగవాడు ఆ మాట కూడా మార్చకుండా పాడాడు. చిన్నప్పుడు నాన్న ట్రక్కులో ఆ క్యాసెట్ విన్నానని చెప్పాడు. మరి మనిషి మారకపోతే అది ఎందుకు బాగుంది?

నేను చాలా రోజులు దీని గురించి ఆలోచించాను. నాకు దొరికిన జవాబు, ఆడ వేషాలకి పేరుపొందిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారి దగ్గర ఉంది. ఆయన సత్యభామగా వచ్చినప్పుడు తనని తాను చూపించుకోలేదు, సత్యభామలోకి వెళ్లాడు. క్యాష్, జాప్లిన్ పాటని తమ జీవితంలోకి లాక్కున్నారు. కోంబ్స్ తానే వెళ్లి పాటలోని అమ్మాయి పక్కన నిలబడ్డాడు, తన పేరు పెట్టుకోలేదు. రెండు దారులూ నిజమైనవే. ఆ పాట కంట్రీ రేడియో చార్టులో మొదటి స్థానానికి వెళ్లి, ఆ స్థానంలో ఒక్కతే రచయిత్రిగా ఉన్న తొలి నల్లజాతి మహిళగా చాప్‌మన్‌ని నిలబెట్టింది. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. ఆమె మొదటి వరస వాయిస్తుంటే అతను ఆమె వంక చూసిన చూపు చూడండి, శిష్యుడు గురువుని చూసినట్టు ఉంటుంది.

మూడో దారి మాత్రం లేదు. పాటని నీలోకి లాక్కోకుండా, నువ్వు పాటలోకి వెళ్లకుండా, అసలు గాయకుడి గొంతుని అనుకరించడం. బార్లో అది చప్పట్లు తెస్తుంది, నేను కాదనను, కానీ వినేవాడు ఇంటికి వెళ్లి వినేది అసలు పాటనే.

నాకు తగిలిన దెబ్బ కూడా చెబుతాను. నేను ముప్పైల్లో ఉన్నప్పుడు ఒక శనివారం రాత్రి 'హర్ట్' నేనే పాడతానని మా వాళ్లని ఒప్పించాను. అంతకు ముందు పాట మీద జనం గంతులేస్తున్నారు. నేను క్యాష్‌లాగా గొంతు బరువు చేసి పాడటం మొదలుపెట్టాను. రెండో చరణానికి సగం బల్లలు ఖాళీ, మిగిలినవాళ్లు కబుర్లలో పడ్డారు. అప్పుడు జనం మీద కోపం వచ్చింది. తర్వాత రికార్డింగ్ విన్నప్పుడు నాకే తెలిసింది, నా గొంతులో ఉన్న ముసలితనం అరువు తెచ్చుకున్నది. ఆ పాటని నేను మళ్లీ స్టేజీ మీద పాడలేదు, ఇంట్లో మాత్రం పాడుకుంటాను.

ఇక మీ బ్యాండ్ సంగతి.

మొదట గాయకుణ్ణి చూడండి, పాటని తర్వాత. మీ గాయకుడు లేదా గాయని నిజంగా అనగలిగిన మాటలు ఏ పాటలో ఉన్నాయో వెతకండి. పాట మాటల్ని తెలుగులో మామూలు వచనంలా చెప్పమనండి, మొహమాటం లేకుండా చెప్పగలిగితే ఆ పాట తీసుకోండి. ఇరవై ఏళ్లవాళ్లకి 'ఫాస్ట్ కార్' అతుకుతుంది, ఊరు దాటి ఉద్యోగానికి వెళ్లాలన్న ఆశ మీకు తెలియంది కాదు. 'ప్రౌడ్ మేరీ' కూడా మంచిదే. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే రాక్ బ్యాండ్ పాటకీ టీనా టర్నర్ 1971లో పాడినదానికీ తేడా వినండి, నెమ్మదిగా మొదలుపెట్టి ఉన్నట్టుండి పరుగు అందుకుంటుంది, కాలేజీ స్టేజీకి బాగా పనికొచ్చే అమరిక.

శ్రుతి మార్చడానికి భయపడకండి. అసలు రికార్డ్ శ్రుతిలోనే పాడాలని పట్టుబట్టి గొంతు చించుకునే బ్యాండ్లు చాలా చూశాను. నాష్‌విల్‌లో కార్డ్‌ల పేర్లు రాయరు, అంకెలు రాస్తారు. 1950ల చివర్లో జోర్డనేర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టిన పద్ధతి, చార్లీ మెకాయ్ లాంటి స్టూడియో వాద్యకారులు దాన్ని వాడుకలోకి తెచ్చారు. శ్రుతి స్వరం మీది కార్డ్ 1, మిగతావి దాని నుంచి లెక్క. 'టెనసీ విస్కీ' అంటే 1, 2 మైనర్, అంతే. సరిగమలు వచ్చినవాళ్లకి ఇది పది నిమిషాల పని, షడ్జమం ఎక్కడ పెట్టుకున్నా స్వరాల మధ్య వరస మారదు కదా. గాయకుడు "ఇంకొంచెం కిందికి" అంటే కాగితం మార్చక్కర్లేదు.

మార్పులు చేసేటప్పుడు ఒక్కటే పెద్ద మార్పు చేయండి. నడక మార్చండి, లేదా ప్రధాన వాద్యం మార్చండి, లేదా పాడే గొంతు మార్చండి. మూడూ ఒకేసారి మారిస్తే వినేవాళ్లకి పాట గుర్తుపట్టడానికే టైం సరిపోతుంది. అసలు రికార్డ్‌ని ఒక వారం బాగా వినండి, మాటలు చేత్తో రాసుకోండి, తర్వాత రిహార్సల్ అయ్యేదాకా దాన్ని మళ్లీ వినకండి. మా బ్యాండ్‌లో ఇది నియమం.

'కంట్రీ రోడ్స్' చేస్తామంటారేమో, మన కాలేజీల్లో గిటార్ పట్టుకున్న ప్రతివాళ్లూ ముందు నేర్చుకునేది అదే. చేయండి, కానీ ముందు టూట్స్ అండ్ ద మేటల్స్ పాడినది వినండి. జాన్ డెన్వర్ 1971లో వెస్ట్ వర్జీనియా అన్నచోట జమైకా గాయకుడు టూట్స్ హిబర్ట్ వెస్ట్ జమైకా అన్నాడు, నడక రెగే అయింది. అది సరదాకి చేసిన మార్పు కాదు, అతనికి ఇంటికి తీసుకుపోయే దారి అక్కడ ఉంది కాబట్టి అలా పాడాడు. నేను ఇక్కడ ఆ పాట వాయించేటప్పుడు నా మనసులో తిరిగేది తెనాలి కాలవగట్టే.

వీడియో పెట్టే ఆలోచన ఉంటే హక్కుల సంగతి ముందే చూసుకోండి. అమెరికాలో 1909 నుంచి ఒక ఏర్పాటు ఉంది, ఒకసారి విడుదలైన పాటని నిర్ణయించిన రాయల్టీ కట్టి ఎవరైనా పాడి రికార్డ్ చేయొచ్చు, కానీ పాట స్వరూపాన్నే మార్చకూడదు, వీడియోకి జత చేయాలంటే విడిగా అనుమతి కావాలి. మన దేశంలో 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 31సీ సెక్షన్ వచ్చింది. దాని ప్రకారం మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు గడవాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ కట్టాలి. కాలేజీ బ్యాండ్‌కి అది పెద్ద ఖర్చే, కాబట్టి ముందు కాలేజీ ఫెస్ట్‌లో వాయించండి, రికార్డింగ్ దాకా వస్తే తెలిసిన లాయర్‌ని అడగండి.

ఇంకో మూడు పేర్లు చెప్పి ఆపుతాను. 1993 నవంబర్‌లో ఎంటీవీ కోసం నిర్వానా వాయించిన 'ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్', అసలు డేవిడ్ బోవీది. విల్లీ నెల్సన్ 1982లో పాడిన 'ఆల్వేస్ ఆన్ మై మైండ్', ఎల్విస్ పాడినదానితో పక్కపక్కన పెట్టి వినండి, విల్లీ ప్రతి మాటనీ తాళం కన్నా కాస్త వెనకగా వదులుతాడు, క్షమాపణ చెప్పడానికి సంకోచిస్తున్న మనిషిలా. జానీ క్యాష్ 'రింగ్ ఆఫ్ ఫైర్' కూడా నిజానికి కవరే, జూన్ కార్టర్, మెర్ల్ కిల్గోర్ రాస్తే ముందు పాడింది జూన్ చెల్లెలు అనిటా. మెక్సికన్ బాకాలు చేర్చింది క్యాష్.

మీ గాయకుడు ఏ శ్రుతిలో హాయిగా పాడగలడో, ఏ పాట అనుకుంటున్నారో కింద రాయండి. అంకెల కాగితం నేను రాసి పెడతాను, సోమవారం సాయంత్రం అవుతుంది, ఈ వారాంతం బ్రాడ్‌వేలో వాయించాలి.